తెర వేఱు, గడియ వేఱు
ఇంటి వైఫై పేరు దాచుటను గూర్చి

ఇల్లాలు రాత్రి పరుండబోవుటకు ముందు వీధితలుపు గడియ నొకమాఱు తడవి చూచుకొనుట మన యిండ్లలో తరతరములనుండి వచ్చుచున్న అలవాటు. పెరటితలుపు, వంటయింటి కిటికీ, బీరువా తాళము – వీనినన్నిటిని చూచుకొన్న పిమ్మటగాని ఆమెకు నిద్ర పట్టదు. అయితే నేడు మన యిండ్లకు కంటికి కానరాని వాకిలి మఱియొకటి యేర్పడినది. గోడమూల నొక చిన్న పెట్టెలో దీపములు మినుకుమినుకుమనుచుండును. దానిని రౌటరందురు. అందుండి వెలువడు వైఫై తరంగములు గోడలు దాటి, మేడమెట్లు దాటి, వీధిలోనికిని ప్రసరించుచుండును. పిల్లల చదువులు, కోడండ్ర కొలువులు, దూరదేశములందున్న బిడ్డలతోడి ముచ్చటలు, కరెంటుబిల్లు మొదలు కూరగాయల వఱకు డబ్బు చెల్లింపులు – ఇవి యన్నియు నా వాకిలిగుండనే జరుగుచున్నవి. ఆ వాకిలికి గడియ యెట్టిది, అది సరిగా పడుచున్నదా యని విచారించు ఇల్లాండ్రు మాత్రము మిక్కిలి తక్కువ.

కొంతకాలము క్రిందట హైదరాబాదులో మాకు కావలసినవారి యింటికి పేరంటమునకు పోయితిమి. ఆ యిల్లాలు మాతో మిక్కిలి సంతోషముగా నిట్లనెను: “వదినగారూ! మా వైఫై యిప్పుడు ఎవరికీ కనపడదు. మొన్న కుఱ్ఱవాడొకడు వచ్చి పేరు దాచివేసి వెళ్ళినాడు. ఇక మాకు బెంగ లేదు.”

“మంచిదేనమ్మా, పాసువర్డు ఏమి పెట్టినారు?” అని మేమడిగితిమి.

“అది మార్చలేదండీ. ఎప్పటివలెనే మావారి ఫోను నంబరు. అందఱికీ జ్ఞాపకముంటుందని!”

ఆ మాట వినినంతనే మాకు సింహద్వారమునకు పట్టుతెర కట్టి, గడియ వేయుట మఱచిన యిల్లు కన్నులయెదుట నిలిచినట్లయ్యెను. ఆమె యట్లు చేయుటలో ఆమె తప్పేమియు లేదు. పేరు కనబడకున్న దొంగకు దారి తెలియదనుట వినుటకు సమంజసముగానే యుండును. చదువుకొన్నవారును, ఈ పనినే వృత్తిగా చేసికొన్నవారును పెక్కురు ఇట్లే చెప్పుచుందురు. కావున ఈ మాట యెంతవఱకు నిజమో, ఎక్కడ పొరపాటో, నిజమైన గడియ యేదో మా సోదరీమణులకు విశదపఱచుట మా విధియని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పెట్టె తన పేరు తానే చాటుట

మొదట వైఫై పెట్టె చేయు పని యేమో తెలిసికొందము. ఫోనులో వైఫై జాబితా తెఱచినచో చుట్టుపట్ల యిండ్ల వైఫై పేర్లన్నియు వరుసగా కనబడును. ఈ పేర్లు మన ఫోనునకు ఎట్లు తెలిసినవి? ఒక్కొక్క రౌటరును, “నేనిక్కడ నున్నాను, నా పేరిది, నాతో మాటాడవలసిన విధమిది” అని నిరంతరము చాటుచుండును. ఈ చాటింపు సెకనునకు సుమారు 10 సారులు జరుగును. నిదురపోవు వేళను, ఊరికి పోయిన వేళను, పెట్టెకు కరెంటు ఉన్నంతసేపు ఆ చాటింపు ఆగదు. ఆంగ్లాక్షరములలో వ్రాసినచో ఈ పేరు 32 అక్షరముల వఱకు ఉండవచ్చును.

రౌటరు అమరికలలో “పేరు దాచుము” అను ఏర్పాటొకటి కలదు. దానిని ఎన్నుకొన్నచో పెట్టె చాటింపు మానివేయునని చాలమంది తలంపు. అది సరి కాదు. చాటింపు ఎప్పటియట్లే సెకనునకు 10 సారులు జరుగుచునే యుండును. పేరు చెప్పవలసిన చోటు మాత్రము ఖాళీగా విడువబడును. తక్కిన గుర్తులన్నియు, అనగా ఆ పెట్టెకు కర్మాగారమున నిచ్చిన సంఖ్య, అది వాడు తాళపు రకము మొదలగునవి, యథాప్రకారముగా వెలువడుచునే యుండును. వీధిలో దండోరా వేయువాడు డప్పు కొట్టుట మానక, ఊరిపేరు మాత్రము మ్రింగివేసినట్లన్నమాట. డప్పు వినినవానికి ఇక్కడ ఎవరో యున్నారని తెలియకపోవునా? అనేకములగు ఫోనులలోను కంప్యూటరులలోను ఇట్టి వానిని “దాగిన నెట్‌వర్కు” అని జాబితాలో వేఱుగా చూపుటయు కలదు. పదియిండ్ల మేడలో తొమ్మిదింటికి పేరుండి, ఒక్కదానికి లేకున్నచో, చూచువాని దృష్టి మొదట దేనిపై పడునో చెప్పనక్కఱలేదు.

దాచిన పేరు బయటపడు విధము

ఇంతకును ఆ పేరయినను దాగునా యన్నచో, అదియు దాగదు. ఇంటిలోని ఫోను రౌటరుతో కలియవలెనన్న, “ఫలానా పేరుగల పెట్టెవు నీవేనా? నన్ను చేర్చుకొనుము” అని అడుగవలెను. పెట్టెయు “ఔను, నేనే” యని పేరు పలికి బదులు చెప్పును. ఈ సంభాషణ తాళము పడుటకు ముందు జరుగునది. కాబట్టి అందు పేరు సంకేతభాషలో నుండక, బహిరంగముగనే గాలిలో పోవును. సమీపమున నున్నవాడు దీనిని విని వ్రాసికొనుటకు వలయు సాధనములు వెలలేకుండ లభించుచున్నవి. అయ్యగారు కచేరీనుండి వచ్చి, ఫోను ఇంటి వైఫైతో కలిసిన ఆ నిమిషమందే దాచిన పేరు వెల్లడియగును.

అంతవఱకు వేచియుండుటకు ఓపిక లేని దుర్మార్గుడు, రౌటరు పంపినట్లే ఒక దొంగ సందేశము పంపి, ఇంటిలోని ఫోనును వైఫైనుండి విడదీయగలడు. ఫోను వెంటనే మరల కలియబూనును, పేరు పలుకును, వాడు వినును. ఇట్టి దొంగ సందేశములను అరికట్టు పద్ధతి 2009 సంవత్సరమున ఏర్పడినదిగాని, పాతపెట్టెలలో అది లేకపోవచ్చును, ఉన్నను అమలులో నుండకపోవచ్చును.

కావున ఈ దాపరికము ఎవరిని ఆపును? ఏమియు తెలియని ప్రక్కయింటి పిల్లవానిని ఆపును. వాడు మొదలే మనకు శత్రువు కాడు. తెలిసి, కీడు తలపెట్టి వచ్చినవానిని మాత్రము అది ఒక్క గడియయైనను ఆపజాలదు.

మేలు లేకున్నను పోనిమ్ము, కీడు కలదు

“మేలు లేకపోయినను నష్టమేమి? అదికూడ ఉండనిండు” అని కొందఱనవచ్చును. మేము ముఖ్యముగా చెప్పదలచినది యిచ్చటనే కలదు.

పేరు చాటు పెట్టెయున్న యింటిలో ఫోను ఊరక వినుచుండిన చాలును. ఇంటి పేరు వినబడిన కలియును, లేకున్న ఊరకుండును. పేరు దాచిన యింటి ఫోనున కా సౌకర్యము లేదు. పెట్టె తన పేరు చెప్పదు గావున, ఫోనే పిలువవలెను. ఇంటిలో నున్నదో, ఊరిలో నున్నదో దానికి తెలియదు. కాబట్టి బజారులోను, బస్సులోను, రైలుస్టేషనులోను, ఆసుపత్రిలోను, “ఫలానా పేరా, ఉన్నావా? ఫలానా పేరా, ఉన్నావా?” అని మాటిమాటికి పిలుచుచుండును. ఇంటివద్ద ఒక్క పెట్టె నోరు మూయించి, ఇంటిల్లిపాది ఫోనుల నోళ్ళు ఊరంతట తెఱచినట్లయినది. ఆపిల్ సంస్థవారు తమ ఐఫోనులలో ఇట్టి నెట్‌వర్కుతో కలిసినపుడు, దీనివలన సొంత సమాచారము బయటపడవచ్చునని హెచ్చరిక చూపుచుండుటకు కారణమిదియే.

పేరొక్కటి తెలిసిన నేమగునని సందేహము కలుగవచ్చును. లోకమున తిరుగుచు ఎక్కడెక్కడ ఏయే వైఫై పేర్లున్నవో వ్రాసికొని, పటముపై గుర్తించువారు కలరు. 2001 సంవత్సరమున నారంభమైన విగిల్ అను పట్టికలో కోట్లకొలది వైఫైల పేర్లును, అవి యున్న తావులును నమోదైయున్నవి. ఇంటిపేరును, మేడపేరును కలిపి పెట్టుకొన్న వైఫై పేరు అరుదైనది. అట్టి పేరు పటములో ఒక్కచోటనే యుండవచ్చును. అట్టిచో, కళాశాలకు పోవు ఆడపిల్ల చేతిసంచిలోని ఫోను మెట్రోబండిలో ఆ పేరును పిలుచుచుండగా, ఆమె వెనుక కూర్చున్నవాడు, తలచుకొన్నచో, ఆమె యిల్లెక్కడనో ఆమెను అడుగకయే తెలిసికొనుటకు వీలున్నది. ఆడపిల్లలను వెంటాడి వేధించు దుర్జనులు లేని ఊరు లేదు. పెద్దవారు తమ బిడ్డ క్షేమముకొఱకై చేసిన పనియే ఆమె జాడ తెలుపు సాధనమగుట యెంత విపరీతము!

మఱియొక కీడు మనస్సునకు సంబంధించినది. తెర కట్టితిమి గదా యను ధైర్యమున గడియమాట మఱచిపోవుదుము. మేము చూచిన యిల్లాలివిషయమున జరిగిన దిదియే. పేరు దాచియుండకపోయినచో ఆమె పాసువర్డును గూర్చి ఎన్నడో విచారించియుండెడిది.

ఈ భ్రమ యెట్లు పుట్టినది?

వైఫైకి మూలమగు ప్రమాణము మొదట 1997లో వెలువడినది. వైఫై యను పేరు 1999లో వాడుకలోనికి వచ్చినది. ఆనాడు దానికి అమర్చిన తాళమును వెప్ అనిరి. అది బహు బలహీనమని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షామిర్ అను ముగ్గురు విద్వాంసులు నిరూపించిరి. 2007 నాటికి జర్మనీదేశపు డార్మ్‌స్టాట్ నగర విశ్వవిద్యాలయమువారు ఆ తాళమును ఒక్క నిమిషములోపల తీయవచ్చునని చూపిరి. తాళము నమ్మదగినది కానపుడు జనులు అందిన అడ్డమెల్ల పెట్టుట సహజము. పేరు దాచుట, ఎంచుకొన్న ఫోనులను మాత్రమే చేర్చుకొనునట్లు వాని సంఖ్యలను పట్టికగా వ్రాసియుంచుట మొదలగు ఉపాయములు అట్లు ప్రబలినవి. ఈ రెండవ ఉపాయమును అట్టిదే. ఫోను సంఖ్యయు గాలిలో బహిరంగముగనే పోవును. దానిని విని, తన సాధనమునకు అదే సంఖ్య తగిలించుకొనుట తెలిసినవానికి కష్టము గాదు.

తరువాత తాళములు బాగుపడినవి. 2003లో డబ్ల్యూపీఏ యనునదియు, 2004లో డబ్ల్యూపీఏ2 అనునదియు, 2018లో డబ్ల్యూపీఏ3 అనునదియు వచ్చినవి. తాళములు మాఱినను పాత ఉపాయములమీద నమ్మకము మాత్రము మాఱలేదు.

ఈ విషయమున పెద్దలు చెప్పిన సూత్రమొకటి కలదు. 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అను పండితుడు సైనికుల రహస్యలిపులను గూర్చి ఫ్రెంచిభాషలో వ్రాయుచు, లిపి కట్టిన పద్ధతి శత్రువు చేతికి చిక్కినను బాధ లేకుండవలెనని నిర్దేశించెను. దాచదగినది తాళపుచెవి యొక్కటియే. తాళము ఎక్కడనున్నదో, ఎట్టిదో అందఱికి తెలిసినను, చెవి లేనివానికి అది తెఱువబడరాదు. ఆ చెవియే మనకు పాసువర్డు.

పరులు లోనికి వచ్చిన నేమగును?

“మా యింటి వైఫైలో ఎవరైన చేరి నాలుగు సినిమాలు చూచినచో పోయినదేమి?” అని ఉదారముగా పలుకువారు కలరు. వారికొక సంగతి జ్ఞాపకము చేయుదుము. 2008 జూలై 26వ తేదీన అహమ్మదాబాదు నగరమున వరుసగా బాంబులు ప్రేలి 50మందికి పైగా మరణించిరి. ప్రేలుళ్ళకు కొలది నిమిషములు ముందు పత్రికలవారికి ఒక బెదరింపు లేఖ ఈమెయిలు ద్వారా వచ్చెను. పోలీసులు దాని జాడ తీయగా, అది నవీ ముంబయిలో నివసించుచున్న ఒక అమెరికా దేశీయుని యింటి ఇంటర్నెట్టుగుండ వచ్చినట్లు తేలెను. ఆ యింటి వైఫైకి కాపుదల సరిగా లేనందున ఎవరో దానిని వాడుకొనిరి. ఆయనకు ఆ ఘోరముతో ఎట్టి సంబంధమును లేదని తదుపరి తేలినదిగాని, అంతవఱకు ఆ కుటుంబము విచారణలపాలు గావలసివచ్చెను. మన వాకిటిగుండ పరుడు చేసిన పాపమునకు మొదట మనయింటి చిరునామాయే కనబడునని దీనివలన గ్రహింపవలెను.

మఱియు ఇంటి వైఫైలో చేరినవాడు ఆ యింటి టెలివిజనును, కెమెరాలను, అచ్చుయంత్రమును, కాపుదలలేని కంప్యూటరులను తట్టి చూడగలడు. బిడ్డను కనిపెట్టియుండుటకై ఉయ్యాలకడ పెట్టిన కెమెరా పాసువర్డు సరిలేనిదైనచో, పరుల కన్ను మన గదిలోనికి వచ్చినట్లే. అనవసరముగా భయపెట్టుట మా యుద్దేశము గాదు. బ్యాంకుల యాపులును, డబ్బు చెల్లించు యాపులును తమ సమాచారమును వేఱుగ సంకేతభాషలో కట్టి పంపును గావున, వైఫైలో చేరినంతమాత్రమున డబ్బు పోదు. అయినను ఇంటిలోనికి వచ్చినవానికి దొరకు అవకాశములు వీధిలో నున్నవానికి దొరకవుగదా.

నిజమైన గడియ

ఇక చేయవలసిన పనులు చెప్పెదము. ఇవి యన్నియు ఒక మధ్యాహ్నము తీరికవేళ ముగించుకొనదగినవి. రౌటరు అడుగున నొక చీటి యంటించియుండును. అందు 192.168తో మొదలగు సంఖ్యగాని, మఱియొక చిరునామాగాని, లోనికి పోవు పేరును, పాసువర్డును ఉండును. ఆ చిరునామాను ఇంటిలోని ఫోనులో బ్రౌసరునందు వ్రాసినచో రౌటరు అమరికల పుట తెఱచుకొనును. కొన్ని సంస్థలవారు దీనికై వేఱొక యాపును ఇచ్చుచున్నారు.

మొదటిది, పాసువర్డు. మన యిండ్లలో పది అంకెల ఫోను నంబరు, పుట్టినతేదీ, పిల్లల పేరు – ఈ మూడే తఱచుగా పాసువర్డులు. ఇవి యెంత బలహీనములో లెక్కవేసి చూతము. దుర్మార్గుడు మన ఫోను వైఫైతో కలియునపటి సంభాషణను ఒకమాఱు పట్టుకొన్నచో, తన యింట కూర్చుండి, ఒక్కొక్క పాసువర్డే కంప్యూటరుచేత సరిచూపించుకొనగలడు. బలమైన కంప్యూటరొకటి సెకనునకు 10 లక్షలు సరిచూడగలదనుకొందము. నూరు సంవత్సరములలోని పుట్టినతేదీలన్నియు కలిపి 36,525 మాత్రమే. ఒక్క సెకనైనను పట్టదు. మన దేశపు మొబైలు నంబరులు 6 మొదలు 9 వఱకు గల అంకెలతో నారంభమగును గావున, ఉండదగినవి 400 కోట్లు. ఇది పెద్దసంఖ్యవలె తోచినను, సెకనునకు 10 లక్షల చొప్పున 4,000 సెకనులు, అనగా గంటకు పైన కొలది నిమిషములు. మావారి నంబరు ఎవరికి తెలియునని మురిసిన యిల్లాలి గడియ ఒక్క భోజనపువేళలో ఊడిపోవును.

దీనికి మాఱుగా, ఒకదానితో నొకటి సంబంధములేని అయిదు తెలుగు మాటలను ఆంగ్లాక్షరములతో వరుసగా వ్రాయుడు. గవ్వ, తిరగలి, నెమలి, కొబ్బరి, పడవ – ఇట్టి మాటలన్నమాట. (ఇవి అచ్చయినవి గావున మీరు వాడవలదు.) మనసునకు తోచినవి ఎన్నుకొనుటకంటె చీటీలు వేసి తీయుట మేలు. రెండువేల మాటలలోనుండి అయిదు చీటీలు తీసినచో, ఉండదగిన వరుసలు 320 కోట్ల కోట్లు. అదే కంప్యూటరు, అదే వేగముతో సరిచూచినను అన్నియు ముగించుటకు 1,000 సంవత్సరములకు పైగా పట్టును. పాటలోని చరణమును, శతకపద్యపు పాదమును, సామెతను వాడరాదు. అవి అందఱికి తెలిసినవే. పాసువర్డు 8 మొదలు 63 అక్షరముల వఱకు ఉండవచ్చును గావున అయిదు మాటలకు చోటు చాలును. దానిని కాగితముపై వ్రాసి బీరువాలో నుంచుకొనుటలో దోషము లేదు. వీధిలోని దొంగ బీరువాలోని కాగితమును చూడలేడు.

రెండవది, తాళపు రకము. అమరికలలో డబ్ల్యూపీఏ3 ఉన్నచో దానిని ఎన్నుకొనుడు. పైన చెప్పినట్లు ఇంట కూర్చుండి సరిచూచుకొను వీలు దానియందు ఉండదు. పాత ఫోనులు కలియనిచో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపినదియో, లేక డబ్ల్యూపీఏ2యో ఉంచుకొనవచ్చును. వెప్ గాని, తాళమేలేని “ఓపెన్” గాని కనబడినచో ఆ దినమే మార్పుడు.

మూడవది, పేరు. దాచుటకంటె మార్చుట మేలు. డబ్ల్యూపీఏ2 తాళములో వైఫై పేరును, పాసువర్డును కలిపి, 4,096 మాఱులు నూఱి చెవిని తయారుచేయుదురు. సర్వసాధారణమైన పేర్లకు దుర్మార్గులు ముందుగనే చెవుల గుత్తులు తయారుచేసియుంచుకొందురు. పెట్టెతో వచ్చిన పేరునే ఉంచుకొనుటవలన నిదియొక చిక్కు. అట్లని ఇంటిపేరు, ఫ్లాటు నంబరు, ఆడపిల్లల పేర్లు పెట్టరాదు. ఎవరి యిల్లో తెలియనిదియు, ఇతరులకు లేనిదియు నగు పేరు చాలును. తెలుగు లిపిలో పెట్టదలచిన పొట్టిపేరు పెట్టవలెను. మన లిపిలో ఒక్కొక్క గుర్తునకు మూడేసి స్థానములు పట్టును గావున 32లో 10 గుర్తులే ఇముడును.

నాలుగవది, రౌటరు అమరికల పుటకు గల పాసువర్డు. ఇది వైఫై పాసువర్డునకు వేఱు. పెట్టెతో వచ్చినదానినే ఉంచుకొన్నచో, లోనికి వచ్చిన యతిథి యెవడైనను గడియనే మార్చివేయగలడు. దీనినికూడ మార్చి వ్రాసియుంచుకొనవలెను.

అయిదవది, డబ్ల్యూపీఎస్ అను సులభమార్గము. పాసువర్డు వ్రాయు శ్రమలేకుండ 8 అంకెల సంఖ్యతో కలియుటకు దీనిని కల్పించిరి. ఆ సంఖ్యను రెండు ముక్కలుగా సరిచూచుటవలన 11,000 ప్రయత్నములలో దొరకిపోవునని 2011లో బయటపడినది. అక్కఱలేనిచో దీనిని ఆపివేయుట యుక్తము.

ఆఱవది, అతిథులకు వేఱు వాకిలి. చాల రౌటరులలో “గెస్టు” అను రెండవ వైఫై పెట్టు వీలున్నది. చుట్టములకు, పిల్లల స్నేహితులకు, మరమ్మతులకు వచ్చినవారికి దాని పాసువర్డు చెప్పవచ్చును. టెలివిజను, కెమెరా మొదలగువానినికూడ దానియందే చేర్చినచో, వానిలో దోషమున్నను ఇంటివారి కంప్యూటరుల జోలికి పోవుట కష్టమగును. వీధిగదిలో చుట్టములను కూర్చుండబెట్టి, లోపలి గది తలుపు చేరవేయు మన పద్ధతికి ఇది భిన్నము గాదు.

ఏడవది, మరమ్మతు. రౌటరులోని లోపములను తయారుచేసినవారు అప్పుడప్పుడు సరిదిద్ది పంపుచుందురు. 2017లో డబ్ల్యూపీఏ2లోనే ఒక లోపమును మాథీ వాన్‌హోఫ్ అను పరిశోధకుడు కనిపెట్టెను. క్రొత్త సవరణలు వేసికొన్నవారికి ఆ బాధ తొలగినది. అమరికల పుటలో “అప్‌డేట్” అనుదానిని నెలకొకమాఱు చూచుట ఇల్లాలి లెక్కల పుస్తకమున చేర్చుకొనదగిన పని. ఎన్నో యేండ్లనుండి సవరణలే రాని పాతపెట్టెను మార్చుకొనుటయే మేలు.

దాచినవారు చేయవలసినది

ఇప్పటికే పేరు దాచినవారు కలవరపడవలదు. పై విధముగా పాసువర్డు మార్చిన పిమ్మట, పేరును మరల కనబడునట్లు చేయుడు. అంతటితో పని ముగియలేదు. పెట్టె నోరు తెఱచినను, ఫోనులు తమ పాత అలవాటు మానక, బజారులో ఇంటిపేరును పిలుచుచునే యుండవచ్చును. కావున ఇంటిలోని ప్రతి ఫోనులోను, ప్రతి కంప్యూటరులోను ఆ పాత వైఫైని “ఫర్గెట్” అను మీట నొక్కి మఱపించి, జాబితాలో కనబడు క్రొత్తపేరును ఎన్నుకొని మరల కలుపవలెను. పరదేశమందున్న బిడ్డ సెలవులకు వచ్చి వాడి పోయిన ఫోనులోకూడ ఇట్లు చేయించుట మఱవరాదు.

మేము మొదట చెప్పిన యింట ఆ సాయంకాలమే యీ పనులన్నియు జరిగినవి. కళాశాలలో చదువుకొనుచున్న వారి చిన్నమ్మాయి పంచాంగమునకు ప్రక్కనున్న నిఘంటువు తీసికొనివచ్చి, కన్నులు మూసికొని అయిదు పుటలు తెఱచి, అయిదు మాటలు తీసినది. వాళ్ళ నాయనమ్మ ఆ మాటలు విని నవ్వి, రెండు సారులు వల్లించి, “ఇది నాకును నోటికి వచ్చినది, మీ తాతగారి నంబరు ఏనాడును రాలేదు” అన్నది. తల్లి దానిని కాగితముపై వ్రాసి నగలపెట్టెలో దాచినది. అరగంటకు మించి పట్టలేదు.

సోదరీమణులారా! ఈ పని కుఱ్ఱవాడెవడో వచ్చి చేయవలసినదని వేచియుండవలదు. ఇంటి గడియ వేసికొనుటకు పరుల సాయ మెన్నడైన కోరితిమా? ఈ రాత్రి వీధితలుపు చూచుకొన్న పిమ్మట, గోడమూల మినుకుమను ఆ పెట్టె అడుగునగల చీటీని ఒకమాఱు తిప్పి చదువుడు. రేపటి మధ్యాహ్నమునకు వలయు పని యందే మొదలగును.